టెక్సస్ నేలలో జర్మన్ వంశవృక్షం

పొట్ట చేత పట్టుకుని సముద్రం దాటి వచ్చారు. ఇస్తామన్న భూమి చేతికి రాలేదు. దారి పొడవునా అయినవాళ్లను పూడ్చిపెడుతూ నడిచారు. చివరికి గుట్టల మధ్య ఒక ఊరు కట్టుకున్నారు. దాదాపు 180 ఏళ్ల కిందట జర్మన్ కుటుంబాలు స్థాపించిన ఫ్రెడరిక్స్‌బర్గ్ కథ, పుట్టిన నేల విడిచి వెళ్లిన ప్రతి కుటుంబమూ చదవాల్సిన కథ.

ఆస్టిన్ నుంచి పడమటికి కారులో సుమారు గంటన్నర వెళితే ఫ్రెడరిక్స్‌బర్గ్ వస్తుంది. జనాభా 11 వేలకు అటూ ఇటూ. ఎండాకాలంలో పీచ్ పండ్లకు, ఏడాది పొడవునా ద్రాక్షతోటలకు ఇక్కడికి జనం వస్తారు. ఆస్టిన్, హ్యూస్టన్, డాలస్‌లలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ దారి కొత్తేమీ కాదు. వారాంతంలో దగ్గర్లోని ఎన్‌చాంటెడ్ రాక్ కొండ ఎక్కి, తిరుగుదారిలో ఇక్కడ ఆగి భోంచేసి వెళ్తుంటారు.

ఊరి మధ్యలో మెయిన్ స్ట్రీట్ మామూలు వీధుల కంటే చాలా వెడల్పు. ఎడ్లబండి అడ్డంగా వెనక్కి తిరగడానికి చాలినంత చోటు వదిలి ఆనాడే ఆ వీధి వేశారు. ఇరుపక్కలా సున్నపురాతి గోడలు, దుకాణాల మీద జర్మన్ ఇంటిపేర్లు. వాటిలో కొన్ని తొలి బండ్లలో వచ్చిన కుటుంబాలవే.

ఉన్న ఊరు ఎందుకు విడిచారు?

1840లలో జర్మనీ అనే దేశమే లేదు. నస్సౌ, హెస్సే, హానోవర్, బ్రన్స్‌విక్ వంటి చిన్నాపెద్దా సంస్థానాలు ఉండేవి. జనం పెరిగారు, పొలాలు చీలికలయ్యాయి. తండ్రికి పదెకరాలుంటే కొడుకుల పేరున రెండేసి ఎకరాలు మిగిలే పరిస్థితి. యంత్రాలు రావడంతో నేతగాళ్లకు, చేతిపనివాళ్లకు పని తగ్గింది. వయసొచ్చిన కుర్రాళ్లను సంస్థానాధీశులు సైన్యంలోకి లాక్కెళ్లేవారు.

ఆ సమయంలో 1842 ఏప్రిల్‌లో రైన్ నది ఒడ్డున బీబ్రిష్‌లో 21 మంది ప్రభువులు ఒక సంఘం పెట్టారు. జనం దాన్ని ఆడెల్స్‌ఫెరైన్ అన్నారు. టెక్సస్ అప్పటికింకా స్వతంత్ర దేశం. అక్కడికి జర్మన్లను తరలించి కొత్త కాలనీలు వెలయించాలన్నది ప్రభువుల ఆలోచన. కుటుంబం 600 గిల్డర్లు కడితే ఓడ ప్రయాణం, దించాక బండి, ఇల్లు, 320 ఎకరాల భూమి సంఘమే చూసుకుంటుందని మాటిచ్చారు. రెండెకరాల రైతుకు 320 ఎకరాలంటే కలలో కూడా అందని ఆస్తి. 1844 నుంచి 1847 మధ్య 7 వేల మందికి పైగా ఈ సంఘం మాట నమ్మి ఓడలెక్కారు.

మాట ఇచ్చిన ప్రభువుల్లో ఎవరూ ఆ భూమిని ముందుగా చూడలేదు. లానో, కొలరాడో నదుల మధ్యనున్న ఆ 30 లక్షల ఎకరాల పైచిలుకు నేల కొమాంచీ తెగ వేటాడుకునే సీమ. అది వాళ్లది. వాళ్లను అడగకుండానే యూరప్‌లో పత్రాలు చేతులు మారాయి. ఈ అన్యాయం మీదే వలస కథ మొదలైందన్న సంగతి మరిచిపోకూడదు.

ఒడ్డున దిగితే చావు ఎదురొచ్చింది

బ్రెమెన్ నుంచి గాల్వెస్టన్‌కు రెండు నెలలకు పైబడిన ప్రయాణం. అక్కడి నుంచి చిన్న ఓడల్లో ఇండియానోలా తీరానికి. తీరమంటే ఇసుకదిబ్బలు, బురద, నాలుగు పాకలు, అంతే. ఇక్కడి నుంచి లోపలికి 240 కిలోమీటర్లు ఎడ్లబండ్లలో వెళ్లాలి. 1846లో అమెరికాకు, మెక్సికోకు యుద్ధం మొదలైంది. బండ్లు, ఎడ్లు ఉన్నవాళ్లంతా ఎక్కువ కిరాయి ఇస్తున్న సైన్యం వైపు వెళ్లిపోయారు. వేలమంది జర్మన్లు వానల్లో, గుడారాల్లో, నేలలో తవ్వుకున్న గుంతల్లో నెలల తరబడి ఆగిపోయారు. విరేచనాలు, జ్వరాలు ప్రబలాయి. ఆగలేక కాలినడకన బయల్దేరినవాళ్లు దారిలో రాలిపోయారు. వందల ప్రాణాలు పోయాయి. అమ్మానాన్నలు పోయి పిల్లలు మాత్రమే గమ్యం చేరిన కుటుంబాలున్నాయి. న్యూ బ్రౌన్‌ఫెల్స్‌లో అనాథల కోసం ఆశ్రమం తెరవాల్సి వచ్చింది.

ఇన్ని చావులు చూసిన ఆ రేవు కూడా నిలవలేదు. 1875లో, మళ్లీ 1886లో వచ్చిన తుపానులు ఇండియానోలాను ఊడ్చేశాయి.

16 రోజుల ప్రయాణం, 10 ఎకరాల పొలం

సంఘం తరఫున మొదట వచ్చిన రాకుమారుడు కార్ల్ సోల్మ్స్-బ్రౌన్‌ఫెల్స్ 1845 మార్చిలో న్యూ బ్రౌన్‌ఫెల్స్ స్థాపించి, అప్పులు మిగిల్చి వెనుదిరిగాడు. ఆయన స్థానంలో ఓట్‌ఫ్రీడ్ హాన్స్ ఫాన్ మోయ్‌సెబాక్ వచ్చారు. పుట్టుకతో బారన్. టెక్సస్‌లో అడుగు పెట్టాక ఆ బిరుదు వదిలేసి జాన్ మోయ్‌సెబాక్ అని పేరు మార్చుకున్నారు. వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు, ఖజానాలో డబ్బు లేదు. కొమాంచీల సీమకు అంచున మంచి నీళ్లున్న చోటు చూసి, ప్రష్యా రాకుమారుడు ఫ్రెడరిక్ పేరు మీద ఊరికి కొలతలు వేయించారు.

న్యూ బ్రౌన్‌ఫెల్స్ నుంచి బయల్దేరిన తొలి బండ్ల వరుస 16 రోజుల తర్వాత, 1846 మే 8న, ఇక్కడికి చేరింది. అందులో వచ్చినవాళ్లు సుమారు 120 మంది. ఒక్కో కుటుంబానికి ఊళ్లో ఇంటిస్థలం, ఊరి వెలుపల 10 ఎకరాలు ఇచ్చారు. 320 ఎకరాల మాట కాగితాల్లోనే ఉండిపోయింది. ముందు దుంగలు పాతి గుడిసెలు వేసుకున్నారు. తర్వాత తమ దేశంలో తెలిసిన పద్ధతిలో కొయ్య చట్రం నిలబెట్టి, సందుల్లో సున్నపురాయి కూర్చి, సున్నం పూసిన ఇళ్లు కట్టుకున్నారు. తొలి ఏడాదిలోనే అంటువ్యాధి ఊరిని చుట్టేసి వంద మందికి పైగా బలి తీసుకుంది.

1847లో మెయిన్ స్ట్రీట్ నడిమధ్య ఎనిమిది పలకల భవనం లేచింది. పేరు ఫెరైన్స్ కిర్షె. ఆదివారం ప్రార్థన, మామూలు రోజుల్లో బడి, సభలు, ఆపద వస్తే కోట, అన్నీ అందులోనే. కాథలిక్కులు, లూథరన్లు వంతులవారీగా అదే కప్పు కింద ప్రార్థన చేసుకున్నారు. దాని ఆకారం చూసి జనం ముద్దుగా కాఫీ మిల్లు అన్నారు. 1890లలో పాత భవనాన్ని కూల్చేశారు. దాని లోటు మనవల తరానికి తెలిసొచ్చి, 1930లలో అచ్చు అలాంటిదే తిరిగి కట్టుకున్నారు.

కొమాంచీలతో నిలిచిన మాట

1847 మొదట్లో మోయ్‌సెబాక్ కొద్దిమందితో కొమాంచీల సీమలోకి వెళ్లారు. శాన్ సాబా నది దగ్గర బఫెలో హంప్, శాంటా అన్నా, ఓల్డ్ ఔల్ అనే నాయకులతో మాటామంతీ జరిగింది. ఎర్రటి గడ్డం చూసి కొమాంచీలు ఆయన్ను ఎర్ర సూర్యుడని పిలిచారు. జర్మన్లు ఆ సీమలో తిరగొచ్చు, భూమి కొలుచుకోవచ్చు. కొమాంచీలు జర్మన్ ఊళ్లకు భయం లేకుండా రావొచ్చు. తప్పు చేసినవాళ్ల సంగతి ఇరుపక్షాలూ చెప్పుకోవాలి. ప్రతిగా 3 వేల డాలర్ల విలువైన కానుకలు. ఆ మే నెలలో నాయకులు ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు వచ్చి ఒప్పందంపై గుర్తులు పెట్టారు. అమెరికాలో ఆదివాసులతో చేసుకున్న ఒప్పందాల్లో తెల్లవాళ్లు తప్పనివి బహు తక్కువ. ఈ ఒప్పందాన్ని అలాంటి అరుదైనదిగా చెప్పుకుంటారు.

ఆ రోజుల నుంచే ఊళ్లో ఒక కథ పుట్టింది. చర్చలు జరుగుతున్న రాత్రి గుట్టల మీద కొమాంచీల మంటలు చూసి పిల్లలు భయపడ్డారట. ఈస్టర్ కుందేలు గుడ్లకు రంగులు వేయడానికి నీళ్లు కాస్తోందని ఒక తల్లి సర్దిచెప్పిందట. ఈస్టర్ ముందు రాత్రి గుట్టల మీద మంటలు వేయడం ఉత్తర జర్మనీ పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. పాత ఆచారం కొత్త నేల మీద కొత్త కథ తొడుక్కుంది. తరతరాలుగా ఫ్రెడరిక్స్‌బర్గ్ గుట్టల మీద ఆ మంటలు వెలిగాయి.

జర్మన్లు మాట నిలబెట్టుకున్నా కొమాంచీలకు ఆ సీమ దక్కలేదు. తర్వాతి మూడు దశాబ్దాల్లో అమెరికా సైన్యం వాళ్లను ఓక్లహోమా రిజర్వేషన్లకు తరిమేసింది. ఫ్రెడరిక్స్‌బర్గ్ ఒప్పందాన్ని గర్వంగా చెప్పుకునేటప్పుడు ఈ ముగింపు కూడా చెప్పాలి.

నిమిట్జ్ ఇంటి నాలుగు గోడల్లో

ఒక్క కుటుంబాన్ని పట్టుకుని వెళితే ఊరి చరిత్ర మొత్తం కళ్లకు కడుతుంది. 1826లో బ్రెమెన్‌లో పుట్టిన కార్ల్ హైన్రిష్ నిమిట్జ్ కుర్రతనంలోనే సరుకు ఓడల్లో పనిచేశాడు. 1844లో అమెరికా చేరాడు. 1846లో ఫ్రెడరిక్స్‌బర్గ్ తొలి జనంలో కలిశాడు. ఇక్కడ చార్లెస్ అయ్యాడు. 1848లో తన లాంటి వలస కుటుంబపు పిల్ల సోఫీ ముల్లర్‌ను పెళ్లాడాడు. వాళ్లకు 12 మంది పిల్లలు.

1850ల మొదట్లో మెయిన్ స్ట్రీట్‌లో చార్లెస్ హోటల్ తెరిచాడు. పడమటికి పోయే సైనికులకు, వ్యాపారులకు శుభ్రమైన పడక, వేడి నీళ్లు, కడుపునిండా భోజనం దొరికే చోటుగా దానికి పేరొచ్చింది. సముద్రం మీద మమకారం పోని ఆ మనిషి తర్వాతి కాలంలో హోటల్ ముందుభాగాన్ని ఆవిరి ఓడ ఆకారంలో కట్టించాడు. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో, గుట్టల నడుమ, డెక్కుతో సహా ఓడలా నిలబడిన ఆ భవనం ఇప్పటికీ ఉంది.

1861లో అమెరికా రెండుగా చీలినప్పుడు ఈ ఊరు నలిగిపోయింది. టెక్సస్ విడిపోవాలా వద్దా అని ఓటేస్తే గిలెస్పీ కౌంటీలో వందకు దాదాపు 96 మంది వద్దన్నారు. సంస్థానాల గొడవలు చూసి వచ్చినవాళ్లకు దేశం చీలిపోవడం మింగుడుపడలేదు. బానిసల మీద నడిచే పెద్ద పత్తి తోటలూ వాళ్లకు లేవు. టెక్సస్ విడిపోయింది. ఇష్టం లేని యుద్ధానికి బలవంతపు సైన్య సమీకరణ మొదలైంది. 1862 ఆగస్టులో మెక్సికోకు తప్పించుకుపోతున్న 60 మందికి పైగా జర్మన్లపై న్యూసెస్ నది దగ్గర దక్షిణ సేనలు తెల్లవారకముందే దాడి చేశాయి. గాయపడి దొరికిన 9 మందిని తర్వాత కాల్చిచంపారు. ఎముకలు ఏరి తెచ్చి పూడ్చుకోవడానికి బంధువులు యుద్ధం ముగిసేదాకా ఆగాల్సి వచ్చింది. ఫ్రెడరిక్స్‌బర్గ్‌కు దగ్గర్లోని కంఫర్ట్ ఊళ్లో 1866లో జర్మన్ అక్షరాలతో స్మారకం వెలిసింది వాటిని పూడ్చిన ఆ చోటే.

అదే యుద్ధకాలంలో ఊరి చుట్టుపక్కల ఉరితీతల ముఠా ఒకటి తిరిగింది. లూయీ షూట్సె అనే బడిపంతులును ఇంట్లోంచి ఈడ్చుకెళ్లి చెట్టుకు వేలాడదీసింది. ఆ ముఠా నాయకుడు వాల్డ్రిప్ 1867లో ఇదే ఊళ్లో, నిమిట్జ్ హోటల్ దగ్గర, తుపాకీ గుండుకు కూలిపోయాడు. ఇంతకీ చార్లెస్ నిమిట్జ్ ఆనాడు దక్షిణ పక్షంలో కెప్టెన్. సైన్యంలోకి మనుషుల్ని నమోదు చేసే అధికారి కూడా. ఊరి మనసు ఒకవైపు, ఊరి పెద్దమనిషి పదవి మరోవైపు. ఈ చేదును ఆ ఊరు దాచిపెట్టలేదు. ఇరుపక్షాల వారసులూ ఈ చరిత్రను రాసి పెట్టుకున్నారు.

తాత చెప్పిన కథలు, మనవడి యుద్ధం

చార్లెస్ కొడుకు చెస్టర్ బెర్న్‌హార్డ్ ఆరోగ్యం అంతంతమాత్రం. ఊళ్లో మాంసం వ్యాపారి కూతురు అనా హెంకెను పెళ్లాడి కొద్ది నెలలకే కన్నుమూశాడు. 1885 ఫిబ్రవరి 24న బిడ్డ పుట్టేసరికి తండ్రి లేడు. తండ్రి పేరే బిడ్డకు పెట్టారు. తండ్రి లోటును తాత తీర్చాడు. ఓడలు, తుపానులు, కెప్టెన్ల కథలు వింటూ చెస్టర్ హోటల్‌లో పెరిగాడు. తర్వాత తల్లి మరిదిని పెళ్లాడి దగ్గర్లోని కెర్‌విల్‌కు మారింది.

సైనిక అకాడమీలో సీటు ఖాళీ లేదంటే 1901లో నౌకాదళ అకాడమీ పరీక్ష రాశాడు. 1905లో 114 మందిలో 7వ స్థానంతో బయటికొచ్చాడు. డీజిల్ ఇంజన్లు నేర్చుకోవడానికి 1913లో నౌకాదళం అతన్ని జర్మనీకి పంపింది. తాత విడిచి వచ్చిన దేశానికి మనవడు అమెరికా అధికారిగా వెళ్లాడు. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత పసిఫిక్ నౌకాదళ బాధ్యత చేపట్టాడు. 1945 సెప్టెంబర్ 2న జపాన్ లొంగుబాటు పత్రం మీద అమెరికా తరఫున సంతకం చేసింది ఫ్రెడరిక్స్‌బర్గ్ కుర్రాడే.

నిమిట్జ్ పేరుకు మన దేశంతోనూ సంబంధం ఉంది. జమ్ము కశ్మీర్‌లో ప్రజాభిప్రాయ సేకరణ జరిపించడానికి ఐక్యరాజ్యసమితి 1949 మార్చిలో ఎంచుకున్నది ఆయన్నే. సేనల ఉపసంహరణ మీద రాజీ కుదరక ఆ పని జరగనేలేదు.

తాత హోటల్ ఇవాళ పసిఫిక్ యుద్ధపు జాతీయ మ్యూజియంలో భాగం. దాని వెనక జపాన్ ప్రజలు కానుకగా ఇచ్చిన శాంతివనం ఉంది. 1976 మే 8న, ఊరికి 130 ఏళ్లు నిండిన నాడు, దాన్ని ప్రారంభించారు. ఓడించినవాడి ఊళ్లో ఓడినవాళ్లు పెంచిన తోట అది. నిమిట్జ్‌కు జపాన్ నౌకాధిపతి టోగో మీద ఉన్న గౌరవం వల్లే ఇది సాధ్యమైంది.

ఆదివారపు ఇళ్లు

*ఊరికి దూరంగా పశువులు, పంటలు పెట్టుకున్న రైతులు శనివారం బండి కట్టుకుని వచ్చి సరుకులు కొనుక్కునేవారు. రాత్రికి ఆగి, ఆదివారం ప్రార్థన చేసుకుని వెళ్లేవారు. దానికోసమే 1890ల నుంచి ఊళ్లో చిన్న చిన్న ఇళ్లు కట్టుకున్నారు. కింద ఒకటే గది, వెనక వంటకు వసారా, ముందు చిన్న వరండా, పైన పిల్లలు పడుకునే అటక. అటకకు మెట్లు ఇంటి బయటి గోడకు ఉంటాయి. లోపల మెట్లు పెడితే ఉన్న ఒక్క గదీ ఇరుకైపోతుందని ఈ ఏర్పాటు. కార్లు రావడంతో రాత్రి ఆగాల్సిన పని తప్పింది. కొన్నాళ్లు వయసు మళ్లిన రైతులు వీటిలో కాపురం ఉన్నారు. ఇప్పుడు చాలావరకు దుకాణాలు, అతిథి గృహాలు. వెబర్ కుటుంబం 1904లో కట్టుకున్న అలాంటి ఇల్లు ఊరి పయనీర్ మ్యూజియంలో చూడొచ్చు.*

ఇల్లు నిలిచింది, భాష జారిపోయింది

పయనీర్ మ్యూజియంలోనే కాంలా కుటుంబపు ఇల్లుంది. 1849లో ఒక గదితో మొదలైంది. కుటుంబం పెరిగేకొద్దీ గది వెనక గది చేరింది. ముందు దుకాణం, లోపల పొయ్యి గది. ఏ గోడ ఏ తరానిదో చూసి చెప్పేయొచ్చు. 1934లో ఏర్పడిన గిలెస్పీ కౌంటీ చరిత్ర సంఘం ఇలాంటి ఇళ్లను కొని, బాగుచేసి, కాపాడింది.

భాషకు అలాంటి కాపలా దొరకలేదు. 70 ఏళ్ల పాటు ఈ ఊళ్లో బడి, గుడి, బజారు, పత్రిక అన్నీ జర్మన్‌లోనే నడిచాయి. 1877లో మొదలైన వారపత్రిక 1940ల దాకా జర్మన్‌లో వచ్చింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్ మాట్లాడేవాళ్లను శత్రువుల్లా చూశారు. 1918లో బడుల్లో ఇంగ్లీషు తప్ప మరో భాషలో బోధించరాదని టెక్సస్ చట్టం చేసింది. చట్టం కంటే భయం ఎక్కువ పనిచేసింది. తమకు జరిగిన అవమానం పిల్లలకు జరగకూడదని అమ్మానాన్నలు ఇంట్లోనూ జర్మన్ మానేశారు. చర్చి ప్రసంగాలు ఇంగ్లీషుకు మారాయి. కుర్రాళ్లు పట్నాలకు ఉద్యోగాలకు వెళ్లారు, బయటివాళ్లను పెళ్లాడారు. ఒకప్పుడు లక్షకు పైగా మాట్లాడిన టెక్సస్ జర్మన్ ఇవాళ కొద్దిమంది వృద్ధుల నోట మిగిలింది. ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో హాన్స్ బోయాస్ అనే భాషావేత్త 2001 నుంచి వాళ్ల గొంతుల్ని రికార్డు చేయిస్తున్నారు. వాళ్లతోనే ఆ యాస ముగిసిపోతుందని భాషావేత్తలు అంటున్నారు.

అయినా వంశచరిత్రలు మిగిలాయి. ఎవరో ఒకరు రాసిపెట్టడం వల్లే అవి మిగిలాయి. సంఘంతో చేసుకున్న ఒప్పంద పత్రాలు టెక్సస్ భూముల కార్యాలయంలో భద్రంగా ఉన్నాయి. చర్చి రిజిస్టర్లలో పుట్టుక, పెళ్లి, చావు వరుసగా నమోదయ్యాయి. ఇంటి బైబిలు తొలి పేజీల్లో పిల్లల పేర్లున్నాయి. సమాధిరాళ్ల మీద పుట్టిన పల్లె పేరు చెక్కి ఉంది. ఊరికి 50 ఏళ్లు నిండిన 1896లో తొలితరం పెద్దలు బతికుండగానే, పత్రిక నడిపే రాబర్ట్ పెనిగర్ వాళ్ల అనుభవాలతో పుస్తకం అచ్చేశాడు. ఇవాళ ముత్తాతల వివరాలు వెతికేవాళ్లకు అదే తొలి ఆధారం. ఒక్కటే కష్టం. పాత జర్మన్ రాత చదవగలిగినవాళ్లు ఇళ్లలో లేరు. సొంత ముత్తవ్వ ఉత్తరాన్ని చదివించుకోవడానికి పరాయివాళ్ల దగ్గరికి వెళ్లాల్సి వస్తోంది.

మన ఇళ్ల సంగతి

అదే టెక్సస్‌లో ఇప్పుడు తెలుగు కుటుంబాల రెండో తరం పెరిగి పెద్దదవుతోంది. మన రాకకూ, ఆ జర్మన్ల రాకకూ చాలా తేడా ఉంది. మనం చదువులతో, ఉద్యోగాలతో విమానాల్లో వెళ్లాం. కానీ భాష జారిపోయే దారి మాత్రం ఒకటే. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్య తెలుగులో మాట్లాడతారు, పిల్లలు ఇంగ్లీషులో బదులిస్తారు, మనవలకు అర్థం కావడం కూడా ఆగిపోతుంది. ఫ్రెడరిక్స్‌బర్గ్‌లో ఇది పూర్తి కావడానికి నాలుగైదు తరాలు పట్టింది. మనకు అంత గడువు లేదు. మనది చుట్టూ గుట్టలు కాపున్న ఊరు కాదు.

ఆ ఊరు మనకు నేర్పేది రెండు పనులు. మొదటిది, తొలితరం బతికుండగానే వాళ్ల కథ నమోదు చేయడం. ఏ ఊరి నుంచి, ఏ ఏడు, ఎందుకు బయల్దేరారు? ఎవరి దగ్గర అప్పు తెచ్చుకున్నారు? ఎవర్ని వదిలి వచ్చారు? ఎక్కడ అవమానపడ్డారు, ఎక్కడ పొరపాటు చేశారు? గెలుపులే రాస్తే అది వంశచరిత్ర కాదు. పాత ఫొటోల వెనక పేర్లు, ఊర్లు, సంవత్సరాలు రాయండి. ఇంటిపేరు, గోత్రంతో ఆగకుండా తల్లి పుట్టింటి వివరాలూ రాయండి. ఆడవాళ్ల వైపు చరిత్రే అందరి ఇళ్లలోనూ ముందు చెరిగిపోతుంది. రెండోది, పిల్లలకు తెలుగు మాట్లాడటంతో పాటు చదవడమూ నేర్పడం. తాతగారి ఉత్తరం, అమ్మమ్మ డైరీ వాళ్లంతట వాళ్లే చదువుకోగలగాలి.

అమెరికాలో ఉన్నా, అనకాపల్లిలో ఉన్నా ఈ పని అందరిదీ. ఇంట్లో ఎనభై దాటిన పెద్దలుంటే ఇవాళే వాళ్ల పక్కన కూర్చోండి, ఫోన్‌లో రికార్డింగ్ నొక్కండి, అడగండి.